చెరువును ఎవరి చేతికి అప్పగిద్దాం?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్లుగా ఉన్న ఇంజనీరుని. కాబట్టి చెరువు గురించే మాట్లాడతాననుకుని వచ్చి ఉంటారు. చెరువు గురించే మాట్లాడతాను. కానీ అంతకన్నా ఎక్కువగా, ఆ చెరువును రేపు చూసుకోవలసిన పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు పిల్లల గురించి మాట్లాడతాను. చివర్లో ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడతాను. నచ్చితే ఒప్పుకోండి, నచ్చకపోతే నిలదీయండి.

మన రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకు అనే మాట ఉంది. పట్టా కాని, పన్ను లెక్కలోకి రాని భూమి అని దాని అర్థం. చెరువు, వంక, బాట, శ్మశానం, పశువులు మేసే బీడు అన్నీ దాని కిందికే వస్తాయి. అంటే ఊరందరికీ పనికొచ్చే భూమికి పెట్టిన పేరది. కానీ మన వాడుకలో ఆ మాట ఏమైంది? పని లేకుండా తిరిగే కుర్రాణ్ణి తిట్టడానికి వాడుతున్నాం. ఊరి ఉమ్మడి భూమినీ ఊళ్లో కుర్రాణ్ణీ ఒకే మాటతో తీసిపారేశాం. ఈ రెంటినీ ఒకదానికొకటి జతచేస్తే రెండూ బాగుపడతాయన్నది నా మాట.

ఉమ్మడి భూములను కాపాడమని చట్టం చెప్పలేదా అంటే, గట్టిగానే చెప్పింది. చెరువులు, కుంటలు సమాజం ఆస్తి, వాటిని కాపాడాలని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. చట్టానికి కొరత లేదు. ఉదయం లేచి కట్ట మీద నడిచి, ఎక్కడ కారుతోందో చూసి, రాసిపెట్టే మనిషికే కొరత.

ఆ మనిషి యువకుడు ఎందుకు కాడు? "ఈ కాలం పిల్లలు ఫోన్లు వదిలి రారండీ" అని మనం సులువుగా అనేస్తాం. కాస్త ఆగి, వాళ్లు రావడానికి మనం ఎక్కడ చోటు ఉంచామో చూద్దాం. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టాం. మంచి పనే. కానీ అందులో ఓటు రికార్డుల్లో ఆయకట్టు రైతుగా పేరున్నవాళ్లకు. ఇరవై రెండేళ్ల కొడుకు పేరు మీద సెంటు భూమి ఉండదు, కూతురి సంగతి సరేసరి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలోనే మొదలైంది. అప్పుడు ఇంటికి ఏడాదికి వంద రోజుల పని అన్నారు. లెక్క ఇంటికే గానీ మనిషికి కాదు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు వెళితే ఆ రోజులు వాళ్లకే సరిపోతాయి. ఇంటి యజమాని, పొలం యజమాని మనకు కనిపిస్తారు. వాళ్ల పక్కన నిలబడ్డ కుర్రాడు ఏ పుస్తకంలోనూ కనిపించడు.

అతను కనిపించేది ఏడాదికొకసారి, మొక్కలు నాటే రోజున. బ్యానర్ కడతారు, ఫొటో తీస్తారు, పులిహోర పొట్లం చేతిలో పెడతారు. మరుసటి ఏడాది అదే గుంటలో ఇంకో మొక్క. ఇలాంటి గుంటలు ఉద్యోగరీత్యా చాలా చూశాను. పిల్లలు తెలివైనవాళ్లు. తమను పనికి పిలిచారో ఫొటోకు పిలిచారో ఇట్టే కనిపెడతారు. రెండోసారి రారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు కాసేపు అమెరికా వెళదాం. అక్కడ స్థిరపడిన మనవాళ్లు చాలామంది ఈ సభలో ఉన్నారు. వర్జీనియాలో షెనాండోవా పార్కుకు పిల్లలతో వెళ్లే ఉంటారు. కొండ మీద రోడ్డు పక్కన రాతి గోడలు కనిపిస్తాయి. వాటిని కట్టినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. 1933లో ఆ దేశం ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉంది. ఆ ఏడాది మార్చి 31న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. దాని కింద వచ్చిందే సివిలియన్ కన్సర్వేషన్ కోర్. పని దొరకని, పెళ్లికాని యువకులను ప్రభుత్వ అడవుల్లో, పార్కుల్లో, కోతకు గురవుతున్న నేలల మీద పనికి పెట్టారు. ఆ జూలై మొదటికల్లా రెండున్నర లక్షల మందికి పైగా శిబిరాలకు చేరారు. 1942లో ఆపేసేనాటికి సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు, దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు.

ఆ అంకెల కన్నా, దాన్ని నడిపిన తీరు నాకు ముఖ్యం. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేవాళ్లు. అంటే కుర్రాడు అడవిలో ఉన్నా అమ్మ పొయ్యి వెలిగేది. కుర్రాళ్లను ఎంపిక చేసే బాధ్యత కార్మిక శాఖది, శిబిరం నడిపేది సైన్యం, ఏ పని ఎక్కడ చేయాలో చెప్పేది అటవీ, పార్కు శాఖలు. సాయంత్రాలు చదువు. అక్షరం ముక్క రాకుండా వచ్చిన వేలమంది అక్కడే చదవడం నేర్చుకున్నారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ప్రతి శిబిరంలోనూ ఆ ప్రాంతపు అనుభవజ్ఞులను, అంటే చెట్టు కొట్టడం, రాయి పేర్చడం, అడవిలో దారి పట్టడం తెలిసిన స్థానికులను జీతమిచ్చి పెట్టుకున్నారు. వయసు నిబంధన వాళ్లకు లేదు. నగరం నుంచి వచ్చిన కుర్రాడికి పలుగు పట్టడం నేర్పింది వాళ్లే.

అందులో లోపాలూ ఉన్నాయి. ఆడపిల్లలను చేర్చుకోలేదు. నల్లజాతి యువకులను చాలాచోట్ల వేరే శిబిరాల్లో పెట్టారు. ఆ రెండూ మనం చేయకూడనివి. మిగతాది నేర్చుకోవలసినది. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రం అదే పద్ధతిలో తన సొంత దళాన్ని మొదలుపెట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది.

"అదంతా డబ్బున్న దేశం సంగతి" అని ఎవరైనా అనబోతుంటే, మన జిల్లాకే వచ్చేద్దాం. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనంలో చెక్కించాడు. గట్టి నేల, తీపి నీళ్ల ఏరు, రాతికట్ట, దగ్గరలో రాతి గని లాంటివన్నీ అందులో ఉన్నాయి. వాటితో పాటే, పన్నెండింటిలో ఒకటిగా, చెరువు పని తెలిసిన మనుషుల బృందం ఉండాలని చెప్పాడు. రాయీ మట్టీ ఎలాగో పనివాళ్లూ అలాగే చెరువులో భాగమన్నమాట. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు కూడా రాయించాడు. ఆ చెరువును 2020లో అంతర్జాతీయ సేద్యపు నీటి సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పదకొండు అంగాలను మనం ఇంజనీరింగ్ పుస్తకాల్లో చదువుకున్నాం. పన్నెండోది మరిచిపోయాం.

ఆ పన్నెండో అంగానికి మన ఊళ్లో ఒక పేరు ఉండేది. నీరుగంటి. ఏ తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎన్ని గడియలు, మరవ దగ్గర నీళ్లు ఎంత ఎత్తుకు వస్తే జాగ్రత్త పడాలి అన్నీ అతనికి నోటి లెక్క. అమెరికా శిబిరాల్లోని అనుభవజ్ఞుడు ఎవరో, మనకు నీరుగంటి అతనే. ఆ పని చేసినవాళ్లలో మన ఊళ్లో ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్కరు. ఎనభై దాటాయి. ఇంకో అయిదేళ్లు ఆగితే మన దగ్గర డబ్బు ఉంటుంది, పిల్లలు ఉంటారు, అడగడానికి ఆయన ఉండకపోవచ్చు. నా తొందరంతా అందుకే.

స్థానికుల తెలివిని జీతమిచ్చి వాడుకోవడం మనకు కొత్తేమీ కాదు. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులు ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేస్తున్నారు. బేస్ క్యాంపుల్లో ఉంటూ అడవిలో గస్తీ తిరుగుతారు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పగలిగినవాళ్లకు ఆ అడవి అప్పగించడంలో న్యాయమూ ఉంది, లాభమూ ఉంది.

మరి మన చెరువులో పిల్లలు చేయగల పని ఏమిటి? పూడిక తీయడం కాదు. ఆ పని జేసీబీ చేస్తుంది, అది శాఖవారి పని. యంత్రం చేయలేనివి వేరే ఉన్నాయి.

మొదటిది, కొలత. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో, ఆ పూర్తి నీటిమట్టం గీత మీద రాళ్లు ఉండాలి. మన చెరువులో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. రాయి లేనిచోట గట్టు ముందుకు జరుగుతుంది, తర్వాత కంచె వస్తుంది, ఆపైన ప్లాటు వస్తుంది. శాఖ సర్వేయర్ వెంట నడిచి ఆ గీతను పటంలోకి ఎక్కించడానికి పిల్లల చేతిలోని ఫోనే పనికొస్తుంది.

రెండోది, నీళ్లు తెచ్చే కాలువ. వర్షం తగ్గి చెరువు నిండడం లేదని మనం అంటుంటాం. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద ఒక రాత్రి ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే, కురిసిన నీళ్లు 20 కోట్ల లీటర్లు. అందులో మన చెరువుకు ఎన్ని చేరాయి, మిగతావి ఎక్కడ ఆగాయి? వానమాపకం ఒకటి, చెరువులో స్కేలు ఒకటి పెట్టి, రోజూ చదివి రాస్తే రెండేళ్లలో జవాబు తెలుస్తుంది. వంక వెంబడి నడిస్తే అడ్డు ఎక్కడుందో కళ్లకే కనిపిస్తుంది.

మూడోది, కట్ట. కట్ట మీద పెరిగిన చెట్ల వేర్లు కుళ్లినచోట సొరంగాలు పడి నీళ్లు కారతాయి. ఎలుక బొరియలు, చెదపుట్టలు కూడా అంతే. ప్రతి వారం నడిచి చూసే కళ్లు కావాలి. చెరువు లోపల సర్కారు కంప అల్లుకుపోయింది. పైకి నరికితే ఇంకా గుబురుగా చిగురిస్తుంది, వేరు మొదలు తవ్వి తీయాలి. ఓపికగా చేసే పని అది. నాలుగోది, జీవవైవిధ్య రిజిస్టర్. 2002 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఉండవలసినది. మన చెరువుకు వచ్చే కొంగలు, చేపలు, కట్ట మీది మందుమొక్కలు పెద్దవాళ్ల నోట విని పిల్లలు రాయాలి.

ఇక ప్రతిపాదన. స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు స్వాగత తోరణం కట్టాలని కమిటీ అనుకుంటోంది. దాని మీద నాకు గౌరవమే తప్ప వ్యతిరేకత లేదు. కానీ ఈ లెక్క ఒకసారి చూడండి. పన్నెండు మంది యువతీ యువకులు, సగం మంది ఆడపిల్లలు. ఏడాదికి వంద రోజులు, రోజుకు అయిదు వందల రూపాయలు. ఏడాదికి ఆరు లక్షలు అవుతుంది. పనిముట్లు, ప్రమాద బీమా, నీరుగంటి తాతకు గురుదక్షిణ కలిపి మరో లక్ష. రెండేళ్లకు పద్నాలుగు లక్షలు. తోరణానికి అనుకున్నదీ దాదాపు ఇంతే.

"సేవకు జీతమేమిటి?" అని కొందరు పెద్దలు నిన్ననే అడిగారు. న్యాయమైన ప్రశ్న. జీతం లేని సేవకు ఎవరు రాగలరు? ఇంట్లో తిండికి లోటు లేనివాళ్లు. కూలికి పోయే ఇంటి పిల్ల రాలేదు. కానీ వంకల గురించి, బీడు గురించి ఎక్కువ తెలిసింది ఆ పిల్లకే. పైగా జీతం ఇస్తే పని సరిగా అడగవచ్చు. రాకపోతే ఎందుకు రాలేదని అడగవచ్చు.

"రెండేళ్లయ్యాక వాళ్లు బెంగళూరు వెళ్లిపోతారు కదా" అని ఇంకొకరు అన్నారు. వెళ్లనివ్వండి. మనమంతా వెళ్లినవాళ్లమే. లెవెల్ చూడడం, పటం గీయడం, లెక్క రాయడం నేర్చుకుని వెళతారు. ఊళ్లో పుస్తకం మిగులుతుంది, తర్వాతి పన్నెండు మంది దాన్ని అందుకుంటారు.

కొన్ని షరతులు మాత్రం తప్పవు. చెరువు మనది కాదు, అందరిదీ. కాబట్టి పంచాయతీ తీర్మానం, జలవనరుల శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క గడ్డపార కూడా దిగకూడదు. కట్ట పాదం దగ్గర మట్టి తవ్వకూడదు. తూము బావిలోకి ఎవరూ దిగకూడదు. నీటి సంఘం సమావేశంలో ఈ పన్నెండు మందిలో ఇద్దరు కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఉండాలి. ఓటు లేకపోయినా మాట ఉండాలి. చెప్పింది చేసే చేతులుగా మాత్రమే వాళ్లను చూస్తే ఇదీ ఇంకో ఫొటో కార్యక్రమమే అవుతుంది. ఏడాదికొకసారి వాళ్లు రాసిన లెక్కలు ఈ బడి ఆవరణలోనే ఊరందరి ముందు చదవాలి. సైన్సు సార్లు, లెక్కల సార్లు వాటిని పాఠాల్లో వాడుకోవచ్చు.

కొలతలు, పటాల విషయంలో నెలకు రెండు రోజులు నేను వచ్చి కూర్చుంటాను. సర్వే పరికరాలు సమకూరుస్తామని మా బ్యాచ్ మిత్రులు మాట ఇచ్చారు. మిగతాది రేపు ఉదయం సర్వసభ్య సమావేశంలో మీరు నిర్ణయించాలి. ఎజెండాలో నాలుగో అంశంగా దీన్ని చేర్చారు. దయచేసి అందరూ ఉండండి, బస్సు టైమ్ అయిందని వెళ్లిపోకండి.