రక్తపు క్యాన్సరు – క్రొత్తమందుల పరీక్షలు



పట్టణపు డాక్టరు వ్రాసియిచ్చిన కాగితము చేతబట్టుకొని, ఏమి చేయుదుమని యడుగువారు పల్లెలో మొదట పెద్దలైన మీ గడపకే వత్తురు. ఆ కాగితముపై రక్తపు క్యాన్సరని యుండి, క్రొత్తమందు పరీక్షలో చేరెదరా యని డాక్టరు అడిగినయెడల ఏమి విచారింపవలెనో మెదకునుండి నేడు మీకు విన్నవించెదను. నేను వైద్యుడను కాను. మా యింట జరిగినదానివలన నేర్చుకొన్న వాడను.

మా బావగారు ఈ పట్టణమునకు నాలుగు క్రోసుల దూరపు పల్లెలో సేద్యము చేసికొనువారు. అరువదిరెండవ యేట విడువని జ్వరము, నీరసము పట్టుకొని, చిగుళ్ళనుండి నెత్తురు కారసాగెను. హైదరాబాదు ఆసుపత్రిలో ఎముకలోని మూలుగను తీసి చూచి, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా యనిరి. మూలుగలో మంచి రక్తకణములు పుట్టవలసిన చోటును పక్వముకాని చెడుకణములు ఆక్రమించుటయే ఈ వ్యాధి. మొదటి మందులతో తగ్గినట్లే తగ్గి, నాలుగు మాసములకు మరల తిరుగబెట్టెను. అప్పుడు డాక్టరుగారు పరీక్షమాట యెత్తిరి. మా అక్క నన్ను ప్రక్కకు పిలిచి, “తమ్మీ, మీ బావను ఎలుకను జేస్తరా?” అని యడిగెను. నాకు బదులు తోచలేదు.

ఆ భయము అకారణమని నేననను. 2009లో ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖపు క్యాన్సరును నివారించు టీకాను వేలకొలది బాలికలకు వేసి పరిశీలించిరి. అనేకుల విషయమున తల్లిదండ్రులకు మారుగా వసతిగృహముల అధికారులే సమ్మతిపత్రములపై సంతకములు చేసిరి. 2010లో ఆ కార్యము నిలిపివేయబడెను. బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు గాని, సమ్మతి గైకొన్న తీరును 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగా ఆక్షేపించెను. కావున అడుగక సంతకము చేయరాదు.

ఇక రెండవ కథ. ఇదియు మనవారిదే. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు వెళ్లి, 1940నుండి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిరి. ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమును గూర్చి వారి బృందము విశేషముగా శ్రమించెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఆ జాతి పదార్థములను లుకేమియా గల బిడ్డలకీయగా వ్యాధి తగ్గుటకు మారు మరింత వేగిరపడెను. చూచితిరా, మేలు చేయునని యిచ్చినది కీడు చేసెను! అయితే చెడుకణములకు ఫోలిక్ ఆమ్లము ఆహారమైనచో, దానిని అడ్డగించు మందు వానిని మాడ్చవలెను గదా యని వారు తలంచిరి. సుబ్బారావుగారి బృందము అట్టి అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచి పంపెను. 1947 చివరనుండి 16 మంది బిడ్డలకు ఇచ్చి చూడగా 10 మందికి గుణము కనబడెను. 1948 జూనులో ఆ సంగతి ప్రకటితమాయెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. ఆ బిడ్డలకు కలిగిన గుణము కొలదికాలమే నిలిచినది. కాని ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని బిడ్డల లుకేమియా చికిత్సలో వాడబడుచున్నది. ఆ పదునారుగురి తల్లిదండ్రులను నేను తరచు తలంతును.

నేటి నిబంధనలు నాడు లేవు. 2019లో భారత ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, పరీక్ష నంతయు రోగికి తెలిసిన భాషలో వివరించి వ్రాతమూలకముగా సమ్మతి పొందవలెను. చదువు రానివారికి నిష్పక్షపాతియగు సాక్షి యొకడు ఆసాంతము కూర్చుండవలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచితవైద్యమును, పరిహారమును ఈయవలెను. రోగి యెప్పుడైనను మానుకొనవచ్చును. మానుకొన్నంతమాత్రమున మామూలు చికిత్స నిరాకరింపరాదు. పత్రముపై నామినీ పేరు వ్రాయు పంక్తి యొకటి యుండును. దానిని ఖాళీగా విడువకుడు.

పరీక్షలను వెదకుట యెట్లు? భారత వైద్య పరిశోధనా మండలి వారి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ యనునది 2007 జూలైనుండి ఇంటర్నెట్టుపై నడచుచున్నది. 2009 జూను 15 మొదలుకొని క్రొత్తమందు పరీక్షలన్నియు అందు ముందుగా నమోదు కావలెను. ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. వ్యాధి యేది, ఎట్టివారిని చేర్చుకొందురు, ఏ యూరి ఏ ఆసుపత్రిలో జరుగుచున్నది, ఎవరితో మాటలాడవలెను అనునవి యందుండును. మా మనుమడు ఫోనులో వెదకి హైదరాబాదున రెండు చోట్లు చూపించెను. మాటలాడగా ఒకచోట చేర్చుకొనుట ముగిసి చాలదినములైనదని తెలిసెను. నమోదై యున్నది గనుక మంచిదనియు తలంపరాదు. డాక్టరుతో చెప్పియే ముందుకు సాగవలెను. చేర్చెదనని సొమ్మడుగు మధ్యవర్తిని గడప త్రొక్కనీయకుడు.

మొదట అడుగవలసినది, ఇదివరకే రుజువైన మందు కలదా యని. దీర్ఘకాలపు మైలాయిడ్ లుకేమియాకు ఇమాటినిబ్ అను మాత్ర కలదు. అమెరికాలో 1998లో మొదలైన పరీక్షయందు తగిన మోతాదు పుచ్చుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణముల సంఖ్య సరియైన స్థితికి వచ్చెను. అట్టి మందుండగా దానిని విడిచి తెలియనిదానికై పరుగిడుట నాకు సమ్మతము కాదు. మా బావగారి స్థితి వేరు. వారికి మిగిలిన దారులు కొద్ది.

వారికిచ్చిన తెలుగు పత్రములో “యాదృచ్ఛికీకరణ” అను మాట యుండెను. నలుబదియేండ్లు బడిపంతులుగా నున్న నాకే అది కొరుకుడుపడలేదు! చీట్లు వేయుట యని నర్సమ్మ చెప్పగా అందరికిని బోధపడెను. సగముమందికి క్రొత్తమందు, సగముమందికి పాతమందు. ఎవరికేదియో డాక్టరు చేతిలో లేదు. ఆ పత్రమును ఇంటికి తెచ్చి రెండు రాత్రులు చదివితిమి. బస్సు ఖర్చులెవరివి, నెలకు ఎన్నిమార్లు రావలెను, నెత్తురెంత తీయుదురు, ఇవన్నియు వ్రాసికొనిపోయి అడిగితిమి. మందును, పరీక్షకై చేయు రక్తశోధనలును ఉచితమనిరి. రాకపోకల ఖర్చు కొంత యిత్తుమనిరి. బావగారు తామే సంతకము చేసిరి.

చీటి పాతమందు వైపునకే పడెను. ఆనాడు వారు అన్నము ముట్టలేదు. మానుకొందురేమో యనుకొంటిని, మానలేదు. పదునొకండు మాసములు జీవించి, యాసంగి వరికోతలు కన్నులార చూచిరి.

ఆ పరీక్ష ఫలితము ఇంకను వెలువడలేదు. సమ్మతిపత్రపు నకలు, నామినీగా తన పేరున్నది, మా అక్క పెట్టెలో పట్టాదారు పుస్తకముతోకూడ దాచియుంచినది. ఫలితము వచ్చిననాడు చదివి వినిపింపుమని నాతో చెప్పియున్నది.