స్టీరింగ్ వదిలిన తర్వాత

 

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపోమాపో హైటెక్ సిటీలోనో, గచ్చిబౌలిలోనో ఉద్యోగాల్లో చేరతారు. త్వరగా ఎలా ఎదగాలో అక్కడ చెప్పేవాళ్లకు కొదవ లేదు. నేను మాత్రం వేగమే వృత్తిగా బతికి, ఆ తర్వాత అదే ఆటకు న్యాయం చెప్పే కుర్చీలో కూర్చున్నవాళ్ల గురించి మాట్లాడతాను.

2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. సుమారు 2.83 కిలోమీటర్ల ట్రాక్, పూర్తిగా విద్యుత్తుతో నడిచే కార్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సెబాస్టియన్ బ్యూమీ మూడో స్థానంలో గీత దాటాడు. కానీ ఆ స్థానం అతనికి దక్కలేదు. ఆ రేసులో కారు వాడుకోగల విద్యుత్ శక్తికి 300 కిలోవాట్ల పరిమితి ఉండేది, కాసేపు అదనపు శక్తి ఇచ్చే అటాక్ మోడ్‌లో ఉన్నప్పుడు 350. బ్యూమీ కారు అనుమతించిన శక్తిని మించి వాడిందని డేటా చెప్పింది. 17 సెకన్ల పెనాల్టీ పడింది, 15వ స్థానానికి జారిపోయాడు. ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా మూడోవాడయ్యాడు. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ల కంటికి ఆ తప్పు కనిపించే అవకాశమే లేదు. దాన్ని సెన్సర్ పట్టుకుంది, రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులు తీర్పు చెప్పారు. డేటాతోనే బతకబోతున్న మీకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

అయితే అన్ని తప్పులూ సెన్సర్‌కు దొరకవు. ఒక కారు మరో కారును గోడవైపు నెట్టిందా, లేక పట్టు తప్పి అటు జారిందా? ఇది తేల్చాలంటే ఆ వేగంలో చక్రం చేతుల్లో ఎలా వణుకుతుందో తెలిసిన మనిషి కావాలి. అందుకే ఫార్ములా వన్‌లో 2010 నుంచి స్టీవార్డుల బృందంలో ఒక మాజీ డ్రైవర్‌ను కూర్చోబెడుతున్నారు. ఆ ఏడాది బహ్రెయిన్‌లో మొదటగా కూర్చున్నది నాలుగుసార్లు ప్రపంచ విజేత అలెన్ ప్రోస్ట్.

అలా కూర్చున్న మాజీ డ్రైవర్లలో నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం ఉన్నది ఇటలీకి చెందిన ఇమాన్యుయేల్ పిర్రో మీద. లెమాన్ 24 గంటల రేసును ఐదుసార్లు గెలిచినవాడు. 2019 జూన్‌లో కెనడా గ్రాండ్ ప్రీకి ఆయన డ్రైవర్ స్టీవార్డు. ముందు వెళ్తున్న ఫెరారీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ 48వ ల్యాప్‌లో గడ్డిలోకి జారి, తిరిగి ట్రాక్ మీదికి వస్తూ వెనకనున్న లూయిస్ హామిల్టన్‌కు దారి లేకుండా చేశాడు. బృందం 5 సెకన్ల పెనాల్టీ వేసింది. గీత ముందు దాటింది వెటెల్, గెలిచింది హామిల్టన్. కోపం పట్టలేక వెటెల్ కార్ల ముందున్న 1, 2 అంకెల బోర్డులను తారుమారు చేశాడు. ప్రేక్షకులు గోల చేశారు. తీర్పును తిరిగి చూడమని ఫెరారీ చేసిన విన్నపం నిలవలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఇటలీలో ఫెరారీ అంటే ప్రాణం పెడతారు. ఆ ఇటలీ మనిషే ఫెరారీకి గెలుపు దక్కకుండా చేసిన తీర్పులో భాగమయ్యాడు. ఆ తీర్పు సరైనదా కాదా అని ఈనాటికీ వాదించుకుంటారు. అది సరైనదేనని నా నమ్మకం. తనవాళ్లకు చేదుగా ఉండే నిర్ణయం మీద సంతకం పెట్టగలగడం లెమాన్ గెలవడానికి ఏమాత్రం తీసిపోదు.

మరో మాజీ ఫార్ములా వన్ డ్రైవర్ ఫెలిపె మాసా దారి వేరు. 2008లో ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది హంగరీలో ముందు కారు నుంచి ఊడిపడిన స్ప్రింగ్ హెల్మెట్‌కు తగిలి పుర్రె చిట్లింది. కోలుకొని మళ్లీ రేసుల్లో దిగాడు. తర్వాత చిన్నపిల్లలు రేసింగ్ మొదలుపెట్టే కార్టింగ్‌కు, అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నియమించిన కమిషన్ అధ్యక్షుడయ్యాడు. 2022లో ఆ బాధ్యత చెన్నైకి చెందిన మాజీ రేసర్ అక్బర్ ఇబ్రహీంకు వచ్చింది. మన దేశంలో మోటార్ క్రీడలను నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐకి కూడా ఆయన అధ్యక్షుడిగా పనిచేశారు.

ఇదంతా మీకెందుకంటే, ఐదారేళ్లలో మీలో కొందరిని పిలిచి, కోడ్ రాసింది చాలు, ఇక మిగతావాళ్లు రాసింది చూడమంటారు. టెస్టింగ్, సెక్యూరిటీ, ఆడిట్. మన ఐటీ కారిడార్‌లో ఈ పనుల్ని కాస్త చిన్నచూపు చూస్తారు, నాకది బాధగా ఉంటుంది. రాత్రి పదకొండింటికి బ్యాంకు యాప్ అప్‌డేట్ విడుదలకు సిద్ధంగా ఉంటుంది, క్లయింటు కాల్‌లో ఉంటాడు, మీకు ఒక లోపం కనిపిస్తుంది. ఆపమంటే టీమంతా మొహం మాడ్చుకుంటుంది. అయినా ఆపండి. మీరు స్వయంగా కోడ్ రాసినవాళ్లు కాబట్టి ఎందుకు ఆపారో నాలుగు మాటల్లో వాళ్లకు చెప్పగలరు.

చివరగా రెండు విన్నపాలు. ఈ రాత్రి సంబరాల్లో రాయదుర్గం రోడ్ల మీదో, కేబుల్ బ్రిడ్జి మీదో బైకులతో పందేలు వేసుకోకండి. అక్కడ పసుపు జెండా ఊపి హెచ్చరించే మార్షల్ ఉండడు, అంబులెన్సు సిద్ధంగా ఉండదు. రెండోది, 2024లో జరగాల్సిన హైదరాబాద్ ఫార్ములా ఈ పోటీ రద్దయింది. ఎప్పుడైనా మన నగరానికి మళ్లీ రేసు వస్తే టికెట్ కొనడంతో ఆగిపోకండి. మార్షల్ శిక్షణకు మీ పేరు ఇవ్వండి.