ఉద్యోగము విడిచిన పిదప నేనెవరు?



చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములకు నగరము నుండి వచ్చి స్థిరపడుచున్నవారిలో, పెద్ద కంపెనీలలో ఇరువది యేండ్లు పనిచేసి మానుకొన్నవారు కొందరున్నారు. వారు మా యొద్దకు వచ్చి అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే. "మీరేమి చేయుచున్నారని ఎవరైనను అడిగినచో నోట మాట రాదు. ఇప్పుడు నేనెవరిని?" జీతము పోయిన బాధ కంటె, చెప్పుకొనుటకు హోదా లేదన్న బాధయే వారికి లోతుగా నాటుచున్నది.

పాఠశాలలో బాలునకు తొలుత నేర్పువానిలో అభివాదము ఒకటి. ఋషులను, గోత్రమును, సూత్రమును, శాఖను, తన పేరును చెప్పి పెద్దలకు నమస్కరించును. అందు జీవనోపాధికి చోటు లేదు. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుట ఆచారము. కనుక భగవంతుని యెదుట అనామకుడెవ్వడును లేడు.

ఇక సంకల్పమును చూడుడు. కాలము, దేశము, గోత్రము, నామము చెప్పిన పిదప, చేయబోవు కర్మను చెప్పుదుము. ఆజన్మాంతము ఏమి చేయుదునని చెప్పము. ఈ తిథియందు ఏమి చేయుదునో అంతమాత్రమే చెప్పుదుము. జీవితలక్ష్యము దొరకలేదని కుములువారు ఈ మర్మమును గ్రహింపవలెను. నేటి కర్మను నేడు సంకల్పించి పూర్తిచేయువానికి లక్ష్యము క్రమముగా తెలియవచ్చును.

మరి గడచిన ఉద్యోగము వ్యర్థమా? కానేకాదు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు మొదట అన్నమునే బ్రహ్మమని తెలిసికొనెను. అక్కడ ఆగక మరల తండ్రి యొద్దకు వచ్చి, తపస్సు చేసి, తుదకు ఆనందమును తెలిసికొనెను. తొలిమెట్టును నిందించి మలిమెట్టు ఎక్కలేదు. కుటుంబమును పోషించిన ఉద్యోగము అన్నమను మెట్టు. దానికి నమస్కరించియే ముందుకు సాగవలెను.

మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ సన్నిధి మనకు దగ్గరి నిదర్శనము. అచ్చట హుండీ లేదు, ప్రముఖులకు వేరు వరుస లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన పిదప 108 ప్రదక్షిణలు చేయుదురు. వీసా కోరి వచ్చు యువకుడును, కొలువు విడిచినవాడును ఒకే బాటలో నడతురు. ఆ ఆలయ అర్చకులు డాక్టర్ ఎం.వి. సౌందరరాజన్ గారు వాణిజ్యశాస్త్రమున ఆచార్యులుగా పనిచేసినవారు. వారి కుమారులు సి.ఎస్. రంగరాజన్ గారు ఇంజనీరింగు చదివియు అర్చకత్వమును చేపట్టిరి. 2018 ఏప్రిల్‌లో, హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయమున, రంగరాజన్ గారు ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొని లోనికి తీసికొనిపోయిరి. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసిన సేవ అది. అట్లు మోయుటకు ఏ చదువు పట్టా, ఏ పదవి కావలెను? భక్తియు, వంగిన భుజమును చాలును.

అయితే ఒక హెచ్చరిక. కొలువు విడుచుట వేరు, బాధ్యత విడుచుట వేరు. తీర్చవలసిన అప్పు, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల మందులు, ఇవి ముందు. వైరాగ్యపు మాటలు తరువాత. ఇల్లాలిని చింతలో ముంచి చేయు జపము ఫలింపదు.

చేవెళ్ళ దారిలోని ముదుసలి మర్రులను మీరెరుగుదురు. కొమ్మ నుండి దిగిన ఊడ నేలను తాకినచో వేరూని, ఆ కొమ్మకే ఆధారమగును. మీ అనుభవము అట్టి ఊడ కావలెను. లెక్కలు తెలిసినవారు గుడి లెక్కలు చూడుడు. చదువు వచ్చినవారు పల్లెబిడ్డలకు సాయంకాలము ఒక గంట చెప్పుడు. రేపటి ఉదయము సంకల్పము చెప్పునపుడు, ఆ దినమున ఒక్క జీవికి ఉపకరించు పనిని మనస్సున నిలుపుకొనుడు. "నేనెవరు" అను ప్రశ్నకు సమాధానము ఆ పనియందే మొలకెత్తును.

స్వస్తి.