పాత గోడల విలువ



లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లో విక్టోరియా రాణి కాలపు ఇల్లొకటి ఉంది. పేరు ‘రెడ్ హౌస్’. 1859లో కవి, కళాకారుడు విలియం మోరిస్ కోసం ఆయన మిత్రుడు ఫిలిప్ వెబ్ దాని నమూనా గీశారు. ఇటుకను పూతతో కప్పడం గొప్పగా తలచే రోజుల్లో వెబ్ ఎర్ర ఇటుకను ఉన్నదున్నట్టు కనబడనిచ్చారు. లోపలి గోడలపై స్నేహితులే బొమ్మలు వేశారు.

మోరిస్ అక్కడున్నది ఐదేళ్లే. తరువాతివారు కాపాడబట్టి ఇల్లు నిలిచి, 2003లో నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. 2013లో ఒక అల్మరా వెనక మరుగునపడిన ఆనాటి గోడచిత్రం బయటపడింది.

ఇదంతా ఎందుకంటే, మన బడి పాత గదులను కూల్చాలన్న మాట వినబడుతోంది. ముందు మరమ్మతుకు ఎంతవుతుందో లెక్క కట్టిద్దాం. అందులో మా బ్యాచ్ వంతు మేమిస్తాం.