నోటి క్యాన్సరు: ఆగని గంట
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నోటికీ గొంతుకీ వచ్చే క్యాన్సరు గురించి నాలుగు మాటలు చెబుతాను. బడిపంతులును కనుక బడి గంటతోనే మొదలుపెడతాను.

మన శరీరంలోని కణాల పైపొర మీద గంటల్లాంటివి వుంటాయి. చర్మానికో, నోటి లోపలి పొరకో దెబ్బ తగిలితే, మానటానికి కొత్త కణాలు కావాలి. అప్పుడొక పదార్థం వచ్చి గంట కొడుతుంది. గంట లోపలి కొసన 'కైనేజ్' అనే గుమాస్తా వున్నాడు. అతని పని ముద్ర వేయటం, అంటే మన ఉర్దూలో మొహర్. ఒక ప్రోటీను మీద ఫాస్ఫేటు ముద్ర పడితే అది మరొకదాన్ని లేపుతుంది. అలా కబురు లోపలికి చేరి, కణం రెండవుతుంది. పని తీరాక ముద్ర చెరిపే ప్రోటీనులూ వున్నాయి. ముద్రకు ఫాస్ఫేటునిచ్చే ఎ.టి.పి.ని 1929లో కనుగొన్న వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

గంట కొట్టే ఆ పదార్థం మొదట దొరికింది ఎలుక లాలాజల గ్రంథుల్లో! అమెరికాలో స్టాన్లీ కోహెన్ గారు దాన్ని ఎలుక పిల్లలకు ఎక్కిస్తే కళ్ళు ముందే తెరుచుకున్నాయి, పళ్ళు ముందే వచ్చాయి. 1986లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఏళ్ళ తరబడి జర్దా, గుట్కా, బీడీ తగిలిన నోట్లో ఏమవుతుంది? కణాల జన్యువులు చెడతాయి. ఈ క్యాన్సర్లలో చాలావాటిలో గంటలు లెక్కకు మించి పుడతాయి. కొందరిలో లోపలి తీగె, పి.ఐ.3 కైనేజ్ అనేది, దానంతటదే మోగుతుంది. గంట కొట్టినవాడు లేడు, పిల్లలు మాత్రం పరుగు ఆపరు.

ఆ గంటను మూసే సెటుక్సిమాబ్ అనే మందును ఈ జబ్బుకు 2006లో అమెరికాలో అనుమతించారు. రేడియేషన్‌తో కలిపి ఇస్తే కొందరికి మేలు చేస్తుంది. కానీ తీగె లోపలే మోగుతుంటే బయట గంట మూసి ఏం లాభం? పైగా ఖరీదైన మందు.

'పొగాకు లేదు, ఉత్త సుపారీయే' అని మన పెళ్ళిళ్ళలో పిల్లలకూ పంచుతాం. వక్క ఒక్కటే అయినా క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు విభాగం 2004లోనే ప్రచురించింది. వక్కతో దవడ బిగిసి నోరు తెరుచుకోనివారు ఎందరో! ఇది మన ఒక్కరి జాడ్యం కాదులెండి. ఉత్తర కోస్తాలో చుట్ట నిప్పు నోటిలోపల పెట్టి అడ్డపొగ తాగే ఆడవారికి అంగుట్లో వస్తుంది.

మూడు వారాలకూ మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వేళ్ళు పట్టని నోరు: వీటిలో ఏదున్నా డాక్టరుకు చూపించాలి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మన ఇళ్ళలో అంటారు. అది వట్టి మాట. ముక్క తీయనిదే జబ్బేదో తేలదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వుంది, మెహదీ నవాజ్ జంగ్ గారి పేరున వెలసినదే. మన స్త్రీలు మగ డాక్టరు ముందు నోరు తెరవటానికి జంకుతారు. లేడీ డాక్టరు ఏ రోజు వుంటారో ముందే కనుక్కుని వెంటబెట్టుకుని వెళ్ళండి.