ఆరు రోజుల దారి, పన్నెండు రోజుల ప్రయాణం
(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఒరెగాన్ సముద్రతీరం మనవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. పొద్దున్నే పోర్ట్‌లాండ్‌లో కారెక్కడం, కానన్ బీచ్‌లో హేస్టాక్ రాక్ ముందు ఫోటోలు దిగడం, టిల్లమూక్‌లో ఐస్‌క్రీమ్ తిని చీకటి పడేలోగా ఇల్లు చేరడం. అదే తీరాన్ని ఉత్తరాన ఆస్టోరియా నుంచి దక్షిణాన కాలిఫోర్నియా సరిహద్దు దాకా, సుమారు 370 మైళ్ళు, నేనూ మా ఆవిడా సైకిళ్ళ మీద చూసొచ్చాం.

అలవాటున్నవాళ్ళు ఈ దారిని ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో ముగిస్తారు. మాకు పన్నెండు పట్టింది. నేను గంటల లెక్కన డబ్బు వచ్చే కన్సల్టెంటుని. సెలవు పెడితే ఆ రోజులకి సున్నా. అయినా మా ఆవిడ "ఏమండీ, అక్కడ కూడా డెడ్‌లైనేనా?" అని తేల్చేసింది. ఇండియా నుంచి నాన్న ఫోన్‌లో "కారు కొన్నావని ఊరంతా చెప్పానురా, ఇప్పుడు సైకిలేమిటి?" అన్నారు.

రోజుకి ముప్ఫై మైళ్ళంటే మధ్యాహ్నానికే గుడారం వేసుకోవచ్చు. ఆ మిగిలిన పూటే అసలు ప్రయాణం. డిపో బే దగ్గర గట్టు మీద కూర్చుంటే గ్రే తిమింగలాలు నీటిని చిమ్ముతూ పైకి తేలాయి. కారులో వెళ్ళినప్పుడు ఆ ఊరు మాకు ఒక సిగ్నల్ మాత్రమే.

వెళ్ళదలచినవాళ్ళకి నాలుగు మాటలు. వేసవిలో గాలి వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికే తొక్కండి. చాలా స్టేట్ పార్కుల్లో నడిచి, సైకిలు మీద వచ్చేవాళ్ళకి వేరే క్యాంపు స్థలం ఉంటుంది. కారువాళ్ళ స్థలాలు నెలల ముందే నిండిపోతాయి కానీ, దీనికి రిజర్వేషన్ అక్కర్లేదు, రుసుమూ తక్కువే. అయితే మరమ్మతులకి కొన్ని పార్కులు మూస్తుంటారు, ముందే కనుక్కోండి. ఆర్చ్ కేప్ సొరంగం ముందు ఒక బటన్ ఉంది. నొక్కితే లోపల సైకిలు ఉందని కార్లవాళ్ళకి దీపాలు వెలుగుతాయి. న్యూపోర్ట్‌లో 1936 నాటి యాక్వినా బే వంతెన ఇరుకు. మేము పక్కనున్న నడకదారి మీద సైకిళ్ళు నడిపించుకు వెళ్ళాం. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి పట్టుకెళ్ళండి. రాత్రి వాటిని బయట వదిలారో, రకూన్లు పండగ చేసుకుంటాయి.

ఇంత దూరం ఎక్కడపడితే అక్కడ దిగి ఇసుకలో కూర్చోగలిగామంటే దానికో కథ ఉంది. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ హయాంలో ఇక్కడి తడి ఇసుకని ప్రజల రహదారిగా చట్టం చేశారు. 1966లో కానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని పొడి ఇసుక తనదంటూ కంచె వేశాడు. జనం ఊరుకోలేదు. 1967లో గవర్నర్ టామ్ మెకాల్ సంతకం పెట్టిన బీచ్ బిల్లుతో గడ్డి మొలిచే గట్టు దాకా పొడి ఇసుక మీద కూడా అందరికీ హక్కు దక్కింది. స్థానికులకే కాదు, వీసా మీద వచ్చిన మనకీ, మనల్ని చూడవచ్చే అమ్మానాన్నలకీ కూడా.

మరి ఆ హక్కుని మనం ఫోటో తీసుకునేంతసేపే వాడుకుంటున్నాం. వెనక సీట్లో పిల్లలు సినిమా చూస్తుంటారు, పక్కన పసిఫిక్ వెళ్ళిపోతుంటుంది. నాకు పోయిన జీతం తర్వాతి ప్రాజెక్టులో వస్తుంది. పిల్లలకి ఎనిమిదేళ్ళ వయసు మళ్ళీ రాదు.

అందరూ 370 మైళ్ళూ తొక్కనక్కర్లేదు. ఒక్క రాత్రి గుడారం, రెండు పార్కుల మధ్య దూరం చాలు. ఈ వేసవిలో ఒకసారి ప్రయత్నించి చూడండి. ఉంటాను, సెలవు.