మేక పేగుల్లోకి మందు చేరే దారి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బక్రీదు దగ్గర పడితే మన దువ్వాడలో ఇళ్ళ ముందు మేకపోతులు కనిపిస్తాయి. సంత నుంచి కొత్తగా వచ్చిన జీవం మేత మారి, నీళ్ళు మారి పారుకుంటుంది. ఇంట్లో మిగిలిపోయిన యాంటిబయాటిక్ బిళ్ళ నూరి దాని నోట్లో పోసేస్తాం. మేము బడి పంతుళ్ళమే గాని పశువైద్యులం కాము. అయినా ఈ అలవాటు ఎందుకు మంచిది కాదో నాలుగు మాటలు మనవి చేసుకుంటాము.

మొట్టమొదటి సంగతి. యాంటిబయాటిక్ బాక్టీరియా మీదనే పని చేస్తుంది. పారుడుకు కారణాలు అనేకం. పొట్టలో పురుగులు ఉండవచ్చు, మేత ఎక్కువై ఉండవచ్చు. పి.పి.ఆర్. అనే పారుడు రోగం వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా ఉంది గాని, వైరస్‌ను చంపే బిళ్ళ లేదు. చిటుక రోగం బాక్టీరియా వల్లనే వస్తుంది. పండుగకు బలవాలని ఒక్కసారిగా గింజలు, అన్నం దండిగా పెడితే పేగుల్లోని ఆ క్రిమి పెరిగిపోయి విషం వదులుతుంది. కొన్ని గంటల్లోనే జీవం పడిపోతుంది, మందు పని చేసే వ్యవధే ఉండదు. అక్కడ కూడా ముందుగా వేయించిన టీకాయే రక్ష.

ఇక బాక్టీరియా అని తేలితే, మందు పేగులకు ఏ దారిన చేరుతుంది? నోటి ద్వారా ఇచ్చిన నియోమైసిన్ వంటి మందు రక్తంలోకి దాదాపు ఎక్కదు. పేగు లోపలే ఉండి అక్కడి క్రిమితో పోరాడుతుంది. క్రిమి పేగు గోడ దాటి రక్తంలో పడితే ఆ మందు దాన్ని అందుకోలేదు. అప్పుడు సూది మందు కావాలి. ఆక్సీటెట్రాసైక్లిన్ వంటివి రక్తం వెంట పేగు గోడకు చేరతాయి, కొంత భాగం కాలేయం నుంచి పైత్యరసంతో కలిసి మళ్ళీ పేగులోకే దిగుతుంది. జెంటామైసిన్ సూది వేస్తే చాలా భాగం మూత్రంలో పోతుంది. క్రిమి ఎక్కడుందో చూసి దారి ఎంచుకోవడమే డాక్టరు విద్య.

మేకకు ఇంకొక చిక్కు ఉంది. దాని పెద్ద పొట్టలో మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లాదిగా ఉండి గడ్డిని అరిగిస్తాయి. మనం పోసిన బిళ్ళ వాటినీ చంపుతుంది. మేక నెమరు మానేస్తుంది, మేత ముట్టదు. అందుకే పెద్ద మేకకు డాక్టర్లు సాధారణంగా సూదికే మొగ్గు చూపుతారు. పాలు తాగే పిల్లకు పాలు ఆ పొట్టను తప్పించుకుని పోతాయి గనుక నోటి మందు ఇవ్వవచ్చు.

టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. కనిపెట్టినవారు డగ్గర్ గారు. అక్కడి పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ప్రాణాలు నిలిపిన మందు అది. అయితే ఆ మందు తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు వేగంగా పెరుగుతున్నాయని 1950లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దాంతో జబ్బు లేకున్నా మేతలో మందు కలపడం దేశదేశాలకు పాకింది. క్రిములు మందుకు అలవాటు పడ్డాయి. మొండికేసిన ఆ క్రిములు మాంసం ద్వారా, పేడ ద్వారా, నీటి ద్వారా మన పిల్లలకు చేరగలవు. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకునే కొలిస్టిన్‌ను మాంసానికి పెంచే పశువులకు, కోళ్ళకు, చేపలకు వాడరాదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది అందుకే.

కాబట్టి మా మనవి ఇది. జీవం పారుకుంటే ముందు నీళ్ళు తాగించండి. ప్రాణం తీసేది చాలాసార్లు ఒంట్లో నీరు పోవడమే. తల పైకెత్తి బలవంతాన పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దప్పిగొన్న కుక్కకు నీళ్ళు తాపిన మనిషి ముచ్చట మనందరికీ తెలిసిందే కదా! తరువాత పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడండి. మందు వేశాక ఎన్నాళ్ళు పాలు తాగకూడదో, ఎన్నాళ్ళు కోయకూడదో అడిగి తెలుసుకోండి, సీసా మీద కూడా రాసి ఉంటుంది. ఆ గడువు పండుగ దాటేట్టుంటే ఆ జీవాన్ని ఉంచుకుని వేరేది చూసుకోవడమే మేలు. ఖుర్బానీకి ఆరోగ్యమైన జీవమే కావాలి. ఆ మాంసం మనమే గాక చుట్టాలు, పేదలు కూడా తింటారు. వారి ఆరోగ్యం కూడా మన బాధ్యతే.